టై ముడి మీద దురాయి

మా చిన్నదానికి నెల్లూరులో ఒక పెద్ద హోటల్లో ఉద్యోగం దొరికింది. వచ్చినవాళ్ళకు నమస్కారం పెట్టి గది తాళాలు ఇచ్చే పని. తెల్ల చొక్కా, నల్ల కోటు, మెడలో ఎర్ర టై వేసుకోవాలట. మొన్న ఆదివారం ఆ టై పట్టుకుని, ఫోన్లో ఏదో వీడియో పెట్టుకుని, అద్దం ముందు చాలాసేపు కుస్తీ పట్టింది. ఫోన్లో ఒక తెల్లాయన రకరకాలుగా ముడి వేసి చూపిస్తున్నాడు. సన్నది, లావుది, మూడు మూలలది. "అమ్మా, వీటిలో నాకు ఏది బాగుంటాదో చెప్పు" అని నన్ను పిలిచింది.

నేను చూడలేదు. పొయ్యి మీద పులుసు ఉందని చెప్పి వంటింట్లోకి పోయాను. పొయ్యి మీద ఏమీ లేదు.

దాని తప్పేమీ లేదు. ముడి అంటే అందం చూసి ఎంచుకునేది అనుకుంటోంది, ఈ కాలపు పిల్ల. మా ఇంట్లో ఒకప్పుడు ఇదే టై ముడిని ఎంచుకోవలసి వచ్చింది. మా నాయన ఎంచుకున్నాడు. దాంతో మా కొంప మునిగింది. ఈ సంగతి నేను దానికి ఎప్పుడూ చెప్పలేదు, చెప్పినా నవ్వుతుంది. టై కోసం ఎవరన్నా మునుగుతారా అంటుంది.

మాది సముద్రం ఒడ్డున పాళెం. ఇటు సముద్రం, అటు ఉప్పుకాలువ, మధ్యలో ఇసుక. ఆ ఇసుక మీద తాటాకు ఇళ్ళు. పాళెం మొత్తానికి ఒకటే వాసన. ఎండబోసిన నెత్తళ్ళ చేపలు, తడి వలలు, వలలకు రంగు పట్టించడానికి పెద్ద కాగుల్లో కాచే తుమ్మచెక్క, అన్నీ కలిసిన వాసన. బయటివాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు. నాకైతే ఆ వాసన లేని చోట నిద్ర పట్టేది కాదు. ఇప్పటికీ సరిగా పట్టదు.

పొద్దున్నే సద్దన్నంలోకి రాత్రి మిగిలిన చేపల పులుసు. మామిడికాయ వేసిన పులుసు రాత్రంతా మట్టిదాకలో ఊరి, తెల్లారేసరికి చిక్కబడి ఉండేది. నాయన తల్లి, మా జేజి, నిప్పుల మీద నెత్తళ్ళు కాల్చి, బూడిద దులిపి నా చేతిలో పెట్టేది. "తలకాయ పారేయమాకమ్మే, తెలివంతా దాంట్లోనే ఉంటాది" అనేది. ఆ లెక్కన నేను కలెక్టరు కావలసింది.

మా పాళెంలో అక్షరం రాని పిల్లలు కావలసినంతమంది. ముడి రాని పిల్ల మాత్రం ఒక్కతీ లేదు. తెప్ప దుంగలు కట్టే ముడి వేరు, లంగరు రాయికి వేసే ముడి వేరు, వల అల్లే ముడి వేరు. మధ్యాహ్నం వల నీడన కునుకు తీసే ముసలాళ్ళ పంచె కొంగును తీసుకెళ్ళి తెప్ప దుంగకు ముడేసి, దూరంగా కూర్చుని చూడటం మా పిల్లలకు పెద్ద సరదా. వాళ్ళు లేచి, తిట్టుకుంటూ విప్పుతూనే, "ఎవురేసినారో గానీ ముడి బాగా ఏసినారబ్బా" అని మెచ్చుకునేవాళ్ళు.

ఒక ముడి మాత్రం మేము ఆటకు కూడా వేసేవాళ్ళం కాదు. అది ఉచ్చుముడి. లాగితే బిగిసేది. చేపల వేటకు పోయినవాడు నీళ్ళలో మునిగిపోయి, రెండు రోజులకో మూడు రోజులకో తేలితే, ఆ శవాన్ని తెప్ప మీదికి ఎక్కించేవాళ్ళు కాదు. తాడుకు ఉచ్చుముడి వేసి, చంకల కింద నుంచి తగిలించి, తెప్ప వెనక లాక్కుంటూ ఒడ్డుకు తెచ్చేవాళ్ళు. మా తాతను అట్లాగే తెచ్చారట. అందుకని బతికున్న మనిషికి గానీ, చివరికి మేకకు గానీ మా వాళ్ళు ఆ ముడి వెయ్యరు.

నేను బడి ఈడుకు వచ్చిన ఏడు టౌన్లో ఒక ఇంగ్లీషు బడివాళ్ళు పాళేనికి ఒక బిడ్డను ఉచితంగా చేర్చుకుంటామని కబురు పెట్టారు. ఎవరూ పంపలేదు. మా నాయన పంపాడు. "నేను గాలిని చదవగలను, నీళ్ళను చదవగలను. కాయితం మాత్రం చూస్తే నాకు భయం. అది నా బిడ్డకు ఉండకూడదు" అన్నాడు. ఉప్పుకాలువను పడవలో దాటి, కట్ట మీద నడిచి, బస్సెక్కి పోవాలి. నీలం గౌను, తెల్ల చొక్కా, వాటితో పాటు ఒక పొడుగాటి గుడ్డ పేలిక ఇచ్చారు. ఇదేదో నడుముకు కట్టేదని మా అమ్మ దాన్ని గౌను మీద బిగించి పంపింది.

బడిలో టీచరమ్మ నవ్వి, దాన్ని విప్పి నా మెడకు కట్టింది. "చూడు, ఈ కొస పట్టుకుని లాగితే బిగుస్తుంది. ఇంటికి పోయాక వదులు చేసి తల మీద నుంచి తీసెయ్. మళ్ళీ విప్పకు, రేపు అట్లాగే తగిలించుకో" అని చెప్పింది. నాకు అది గొప్పగా ఉండింది. పడవలో వచ్చేటప్పుడు కూడా తీయలేదు. పాళెంలో అందరూ చూడాలని ఇళ్ళ మధ్య నుంచి తిరిగి వచ్చాను.

జేజి వాకిట్లో చేపలు తిరగేస్తోంది. నన్ను చూసి దగ్గరికి పిలిచి, టై పట్టుకుని అటూ ఇటూ తిప్పి, కొస పట్టి లాగింది. ముడి జారి నా గొంతు దగ్గర బిగిసింది. జేజి చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా ముడి వదులు చేసి, తల మీద నుంచి తీసి, ఇసుక మీద దూరంగా పెట్టింది. నేలమీద కూలబడి, "ఎవురే నీకు ఇది ఏసింది?" అని అడిగింది. టీచరమ్మ అన్నాను. "ఆమెకు పిల్లలుండారా?" అని మాత్రం అంది.

సాయంత్రం తెప్పలు ఒడ్డుకు లాగాక గంగమ్మ గుడి ముందు ఇసుకలో మగవాళ్ళంతా కూర్చున్నారు. మా పాళెంలో పెద్దలను కాపులు అంటారు. వాళ్ళందరికీ పైన పెద్దకాపు. కాపులు కూర్చుని ఒక పని చేయకూడదని మాట వేస్తే దాన్ని దురాయి అంటారు. మీరినవాడి తెప్ప ఎవరూ ఎక్కరు, వాడి పొయ్యికి నిప్పు ఇవ్వరు, వాడి ఇంటికి నీళ్ళు ఇవ్వరు. పోలీసులు వచ్చి చెప్పినా ఆ మాట మారదు.

మొదట్లో అదంతా వేడుకగానే సాగింది. జేజి తెచ్చి వాళ్ళ ముందు పెట్టిన నా టై చేతులు మారుతూ పోయింది. ముడుల్లో పండిపోయిన వాళ్ళు కదా, ఒక్కొక్కరు తమ మోకాలికి చుట్టి ఒక్కో ముడి వేసి చూపించారు. "తెప్ప ముడి ఎయ్యండబ్బా, గాలికి చెక్కు చెదరదు" అన్నాడు ఒకాయన. "లంగరు ముడి ఏద్దామా?" అన్నాడు ఇంకొకాయన. "లంగరు ముడి ఏస్తే బిడ్డ టౌన్లోనే ఆగిపోతాది, మళ్ళా పాళేనికి రాదు" అని పెద్దకాపు అంటే అందరూ నవ్వారు. మా నాయన కూడా నవ్వాడు. ఆయన వాళ్ళ మధ్య కూర్చుని నవ్వడం నాకు గుర్తున్నంతవరకు అదే ఆఖరుసారి.

జేజి లేచి, "నా మొగుడ్ని ఏ ముడితో తెచ్చినారో మీకు గుర్తుండాదా?" అని అడిగింది. నవ్వులు ఆగిపోయాయి. పెద్దకాపు చాలాసేపు ఇసుకలో వేలితో గీతలు గీసి, చివరికి చెప్పాడు.

"బిడ్డ బడికి పోనీ. మెడలో ఆ గుడ్డా కట్టుకోనీ. ఉచ్చుముడి మాత్రం ఎయ్యకూడదు. ఇది దురాయి."

మిగతా కాపులు తలలూపారు. ఆ ముడులన్నిట్లో నాయన వలముడి ఎంచుకున్నాడు. వేసిన చోటే ఉంటుంది, జారదు, బిగియదు. పొద్దున్నే నన్ను ముందు నిలబెట్టుకుని, గొంతుకూ గుడ్డకూ మధ్య తన వేలు పెట్టి చూసుకుని, ముడి వేసేవాడు. వేటకు పోయే చేతులు, ఉప్పుకు పగిలి గరుకుగా ఉండేవి. ముడి మాత్రం పువ్వులా వేసేవాడు. రెండు కొసలు చెరోపక్కకు కుందేలు చెవుల్లాగా నిలబడేవి.

అంతమంది చేతుల్లో తిరిగిన టై కదా, ఎంత ఉతికినా దాంట్లో చేపల వాసన పోలేదు. నా పక్కన కూర్చున్న పిల్ల బల్ల చివరికి జరిగింది. ఒకడు నా టై కొసలు పట్టుకుని కుందేలు ఎగిరినట్టు ఎగిరి చూపించాడు. నేను వాడి బూట్ల తాళ్ళు రెండూ కలిపి వలముడి వేశాను. కత్తెరతో కోస్తే గానీ రాలేదు. టీచరమ్మ కూడా పోనీలే అన్నట్టుగానే ఉండింది కొన్నాళ్ళు. కానీ బడి పెద్దమ్మ, అంటే హెడ్‌మిస్ట్రెస్, ఒక సోమవారం ప్రార్థనలో నన్ను చూసింది. నాయనను తీసుకురమ్మంది.

నాయన తలంటు పోసుకుని, పెళ్ళినాటి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. ఆమె గదిలో కుర్చీ ఉన్నా కూర్చోలేదు. తాత సంగతి, ఉచ్చుముడి సంగతి, దురాయి సంగతి మొత్తం చెప్పాడు. ఆమె చెడ్డది కాదు. అంతా విన్నది. విని, "అయ్యా, మీ బాధ నాకు అర్థమైంది. కానీ బడి అన్నాక అందరికీ ఒకటే పద్ధతి. ఈమెకు వదిలేస్తే రేపు ఇంకొకరు వస్తారు. సోమవారం నుంచి టై సరిగ్గా ఉంటేనే పంపండి, లేకపోతే వద్దు" అంది. టై ముడి ఎట్లా వెయ్యాలో నాయన కళ్ళ ముందే నా మెడకు ఒకసారి వేసి చూపించింది. నాయన ఆమె చేతులకేసి చూస్తూ నిలబడ్డాడు. ఒకసారి చూస్తే చాలు ఆయనకు.

ఈ సంగతి పాళెంలో తెలిసింది. ఆదివారం సాయంత్రం పెద్దకాపు మా ఇంటికి వచ్చాడు. ఆయన మనసున్న మనిషి, అందుకే వచ్చాడు. అరుగు మీద కూర్చుని, జేజి ఇచ్చిన చుట్ట వెలిగించుకుని, అటు సముద్రం చూస్తూ అన్నాడు.

"రేయ్, బిడ్డ ఇక్కడ వలముడితో పడవెక్కుద్ది. కాలవ అవతల ఏం జరిగేది మాకెట్ట తెలుస్తాది? మేమేమన్నా చూడొచ్చినామా?"

"చాటుగా మార్చుకోమంటావా?" అన్నాడు నాయన.

"నేనేమీ అన్లా. నాకు తెలవదు అంటుండా, అంతే."

"నడికాలవలో ముడి మార్చుకోమంటే, సదువు కంటే ముందు దొంగతనం నేర్పినట్టు అవుద్ది మామా. దాచిపెట్టి చేస్తే అది తప్పే. బిడ్డను సదివించడం తప్పని నేను అనుకోవడంలా."

"మొండికేయబాకరా. దురాయి వేసినాక నేను కూడా దాన్ని మీరలేను" అని పెద్దకాపు లేచిపోయాడు. జేజి రాత్రంతా గొణిగింది. అమ్మ నాయన కాళ్ళు పట్టుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు అందరికంటే నాయన మీదే కోపం వస్తుంది. పెద్దాయన తలుపు తీసి చూపించాడు. అందులోంచి దూరి పోతే ఏమయ్యేది? ఎంతమంది పోవడం లేదు? వంగితే విరిగిపోతానని అనుకునే మనుషులు ఉంటారు. వాళ్ళ పక్కన బతికేవాళ్ళు విరిగిపోతారు, అది వాళ్ళకు కనపడదు.

సోమవారం పొద్దున, తెప్పలు నీళ్ళలోకి తోసే వేళకు, పాళెం మొత్తం ఒడ్డున ఉన్నప్పుడు, నాయన నన్ను బయటికి తీసుకొచ్చాడు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, బడి పెద్దమ్మ వేసినట్టే ఉచ్చుముడి వేశాడు. కొస పట్టుకుని లాగి, గొంతు దాకా తెచ్చి, మళ్ళీ కొంచెం వదులు చేశాడు. గొంతుకూ గుడ్డకూ మధ్య వేలు పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. ఆయనకూ భయమేనని నాకు అప్పుడే తెలిసింది. నేను కాలువ వైపు నడుస్తుంటే వెనక తెప్పల చప్పుడు వినపడింది. మా తెప్ప ఎక్కే ముగ్గురు వేరే తెప్పలకు పోయి నిలబడ్డారని అమ్మ తర్వాత చెప్పింది.

తెప్ప ఒక్కడితో కదలదు. నాయన దాన్ని ఒడ్డునే వదిలేసి, విసురువలతో ఉప్పుకాలువలో చిన్నా చితకా పట్టేవాడు. పెద్ద పెద్ద వంజరాలు తెచ్చిన చేతులు పిత్తపరిగలు ఏరుకున్నాయి. చేపలమ్మే అమ్మ బుట్టలోకి పాళెంలో ఎవరూ చేపలు పోయలేదు. అగ్గిపెట్టె కోసం అమ్మ బస్సు రోడ్డు దాకా పోయి వచ్చేది. జేజి ఒకరోజు తన చుట్టల డబ్బా, దుప్పటి తీసుకుని చిన్నాయన ఇంటికి పోయింది. పోతూ నా తల నిమిరి, "నీ మీద కోపం లేదమ్మే. దురాయి దాటి ఈ ఇంట్లో నేను కూడు తినలేను" అంది. ఆ తర్వాత ఎదురుపడినా తల వంచుకుని పోయేది. నాతో ఆడుకునే పిల్లలు కూడా వాళ్ళ అమ్మలు చూడనప్పుడు దూరం నుంచి చెయ్యి ఊపేవాళ్ళు, అంతే. నాయన కాలువ అవతల ఒక ఆసామి రొయ్యల గుంట దగ్గర కాపలాకు కుదిరాడు, మేమూ పాళెం వదిలి ఆ గట్టు మీది గుడిసెకు మారాం. సముద్రంలో పుట్టినవాడు కర్ర పట్టుకుని గుంట గట్టు మీద కొంగల్ని తోలుకుంటూ బతికాడు.

ఆయన మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు. పొద్దున్నే నా టై ముడి ఆయనే వెయ్యాలి. బడిలో అందరిలోకి నా ముడే తీరుగా ఉండేది. బడి పెద్దమ్మ ఒకసారి ప్రార్థనలో నన్ను ముందుకు పిలిచి అందరికీ చూపించింది కూడా. ఇంటికొచ్చి చెబితే నాయన నా మెడ మీద ఉన్న ముడిని కాసేపు చూశాడు.

మరుసటి ఏడు బడి తెరిచిన రోజు మా అందరికీ కొత్త టైలు ఇచ్చారు. ముడి ముందే కుట్టేసి ఉంది. వెనక సాగే పట్టీ, దానికో కొక్కెం. తగిలించుకుంటే చాలు. చిన్నపిల్లలకు ముడి వెయ్యడం కష్టంగా ఉందని తల్లిదండ్రులు చెప్పారట, బడివాళ్ళు మార్చేశారు. అంత సులభంగా. బడి పెద్దమ్మ నన్ను గుర్తుపెట్టుకుని పిలిచి, "మీ నాన్నకు చెప్పు, ఇక ఇబ్బంది లేదు" అంది నవ్వుతూ.

గుంట గట్టు మీద నాయనకు దాన్ని ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి, సాగే పట్టీని లాగి వదిలాడు.

"దీంట్లో ముడి ఏదమ్మా?"

"ముందే కుట్టేసినారు నాయనా. ఎవురూ ఎయ్యక్కర్లా."

"ఎవురూ ఎయ్యక్కర్లా" అని ఆయన నా మాటనే మళ్ళీ అన్నాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. కొంగలు గుంటలో దిగాయి. తోలలేదు.

పెద్దకాపు కబురు పెట్టాడు. ముడే లేనప్పుడు దురాయి ఎందుకు, వచ్చి కాపుల ముందు నిలబడి ఎత్తించుకోమన్నాడు. దురాయి ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. తలగుడ్డ తీసి నడుముకు కట్టుకుని, దురాయి వేసిన చోటే నిలబడి, 'నాది తప్పు' అనాలి. అప్పుడు పెద్దకాపు 'ఎత్తేసినాం' అంటాడు. నాయన పోలేదు. "తప్పు అంటే బిడ్డ సదువు తప్పయిపోతాది" అన్నాడు. నేను ఏడ్చాను. నాకు జేజి కావాలి, నాకు మళ్ళీ పాళెం కావాలి, ఒక్క మాట అను నాయనా అని బతిమాలాను. అనలేదు.

నేను పదో తరగతిలో ఉండగా ఆయన గుంట గట్టు మీదే గుండె పట్టుకుని కూలిపోయాడు. పాళెం నుంచి పాడె మొయ్యడానికి ఎవరూ రాలేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన గుంట కూలీలు మోశారు. జేజి కాలువ అవతలి ఒడ్డున నిలబడి చూసింది. దాటలేదు. ఆ ఏడు నేను పరీక్ష రాయలేదు, అమ్మతో పాటు గూడూరు సంతలో ఎండుచేపల బుట్ట ముందు కూర్చున్నాను. అంత పోగొట్టుకుని చదివిన చదువు బస్సుల మీద ఊరి పేర్లు చదవడానికి పనికొచ్చింది.

ఇప్పుడు పాళెం లేదు. ఓడరేవు కోసం మొత్తం తీసుకున్నారు. మమ్మల్ని తెచ్చి వరసగా కట్టిన కాలనీ ఇళ్ళల్లో పోశారు. గుడి ముందు ఇసుక ఉన్న చోట ఎత్తైన గోడ, దాని వెనక బొగ్గు గుట్టలు. జేజి పోయింది, పెద్దకాపు పోయాడు, మిగతా కాపులు ఒక్కొక్కరే పోయారు. పెద్దకాపు కొడుకు కాలనీ మొగదల టీ కొట్టు పెట్టుకున్నాడు. అమ్మ చివరి రోజుల్లో నాయన దురాయి గురించే కలవరిస్తుంటే నేను అతని దగ్గరికి పోయి అడిగాను.

"తమ్ముడా, మా నాయన మీద దురాయి ఉంది గదా. మీ నాయన తర్వాత నువ్వే గదా. ఎత్తేసినాం అని ఒక్క మాట అను, అమ్మకు చెప్పుకుంటా."

అతను గ్లాసులు కడుగుతూ నా మొహం వైపు చూశాడు. "ఏం దురాయి అక్కా?" అన్నాడు. మొత్తం చెప్పాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. "నాకు అయ్యన్నీ తెలవదక్కా. నాయన నాకు చెప్పలా. కాపులు లేరు, ఆ జాగా లేదు. ఊరికే నేను అంటే అయిపోద్దా? ఏదో పాతకాలం సంగతి, మరిచిపో" అన్నాడు.

అందరూ మరిచిపోయారు. ఆ దురాయి వేసినవాళ్ళు మంచివాళ్ళే, బడి పెద్దమ్మ మంచిదే, మా నాయన అందరికంటే మంచివాడు. ఇంటికి వచ్చి ఎత్తేశారని అమ్మకు అబద్ధం చెప్పాను. ఆమె నా కళ్ళలోకి చూసి గోడ వైపు తిరిగి పడుకుంది. మా నాయన మీద వేసిన మాట వేసినట్టే ఉంది, దాన్ని తీసే మనిషి ఇంక ఎక్కడా లేడు.